ఇల్లు చేరినాడా?

"చదువు పాపా, ఆపినావేం?" మగ్గం గుంతలోంచి తల్లి గంగాదేవి అడిగింది.

శ్రావ్య పోటీ పరీక్షల పుస్తకం మళ్లీ తెరిచింది. మిలిటరీలో ఉన్న అన్న అమర్‌నాథ్ చనిపోయాడని మామ ఇప్పుడే ఫోన్ చేశాడు. "హిందూపురం నుంచి వస్తాండా, పెనుకొండ దాటినా. నేనొచ్చేదాకా మీ అమ్మకు చెప్పొద్దు" అన్నాడు. మగ్గం చప్పుడులో ఆ మాటలు అమ్మకు వినపడలేదు.

"మాసిడోనియా రాజు అలెగ్జాండర్ సైన్యంలో కోయినస్ అని దళనాయకుడమ్మా. పెళ్లైన కొత్తలోనే రాజు వెంట దండుకు పోయినాడు. మన దేశం దాకా ప్రతి యుద్ధంలో ముందు నిలబడినాడు. ఈడ ఏటిగడ్డన రాజుకు ఎదురుగా నిలబడి, 'సిపాయిలు ఇల్లు చూడల్ల అంటాండారు, వెనక్కి పోదాం' అన్నాడు. రాజు ఒప్పుకున్నాడు."

"మీ అన్న మాదిరే. అందరికీ లీవు అడుగుతాడు, తనకు అడగడు." మగ్గం చప్పుడు ఆగింది. "ఆయప్ప ఇల్లు చేరినాడా?"

దారిలోనే జబ్బుచేసి చనిపోయాడని పుస్తకంలో ఉంది.

"చేరినాడమ్మా."

ఆ గొంతులో తేడా విని గంగాదేవి తలెత్తి కూతురి ముఖం చూసింది. మెల్లగా గుంతలోంచి లేచి, సగం నేసిన చీర మీద పాత దుప్పటి కప్పింది.

నాయన పోయిన రోజు కూడా అమ్మ మగ్గాన్ని ఇట్లాగే కప్పింది.