మోటు మనిషి

డిసెంబరు పద్నాలుగు, ఆదివారం. ఇషాక్ మాస్టారు పెసరట్టు సగం తినేసరికి పై వాటా తలుపు ధడేలుమంది. చెప్పులు టపటపలాడాయి. ఎవరో కుర్చీ బరబరా ఈడ్చారు. ఆ తర్వాత కాఫీ జుర్రుతున్న చప్పుడు కింది దాకా వినిపించింది.

కొత్తగా అద్దెకు దిగినవాళ్లు. సామాను దించిన రోజు మాస్టారు వినుకొండలో ఉన్నారు. ఇంతవరకూ పరిచయమంతా చప్పుళ్లతోనే.

మాస్టారు చిలకలూరిపేటలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. తిట్టే ముందు మాట సరైనదో కాదో నిఘంటువులో చూసుకుంటారు. చూసుకుని, పై వాటా అంకారావును కిందికి పిలిచారు. పిలిచాక పెసరట్టు పెట్టకుండా ఉండలేకపోయారు.

"మోటు అంటే తెలుసా, అంకారావూ?"

"నన్నే అంటారండి."

"బావిలో నీళ్లు తోడడానికి ఎడ్లతో మోట తోలేవాళ్లు, చేను ఆ చివర నీళ్లకు మడవలు తిప్పే మనిషికి వినపడాలని గట్టిగా అరిచేవాళ్లట. మోటు దాన్నుంచే వచ్చిందనేవాడు మా నాన్న. నిఘంటువు మాత్రం ఒప్పుకోదు."

"మా తాత మోటే తోలాడండి!" అంకారావు సంబరపడ్డాడు.

మాస్టారు నవ్వు ఆపుకున్నారు. "నువ్వు చేసేది పత్తి జిన్నింగ్ మిల్లులో. అక్కడ మిషన్ల హోరు. అరవాలి, కాదనను. ఇది ఇల్లయ్యా."

అంకారావు చప్పుడు లేకుండా తినడం ముగించి, చెయ్యి కడుక్కుని వచ్చాడు.

"చూశావా, నీకూ వచ్చు! తెలిసే చేస్తున్నావన్నమాట. మీ ఆవిడ ఏమీ అనదా?"

"వెంకాయమ్మాండీ? ఇంకాస్త గట్టిగానే చెయ్యమంటదండి."

"సరిపోయారు ఇద్దరూ. ఇట్టాగైతే నెలాఖరుకు ఖాళీ చెయ్యండి."

అంకారావు చేతులు జోడించాడు. "అంత మాటనకండి మేస్టారూ. మళ్లీ ఇల్లు మారితే మా ఆవిడ తట్టుకోలేదు. ఇప్పుడిప్పుడే అలవాటు పడతంది. ఇంక చప్పుడు చెయ్యనండి."

మర్నాడు పొద్దుగూకాక మిల్లు నుంచి వచ్చాడు. చెప్పులు కింది మెట్టు దగ్గరే వదిలేశాడు. పిల్లిలా పైకెక్కాడు.

మాస్టారికి జాలేసింది. ఓ మంచి మాట చెబుదామని వెనకాలే మెట్లెక్కారు. పైన కిటికీ తెరిచే ఉంది. గదిలో లైటు వెలుగుతోంది.

అంకారావు ఆ రాత్రికి తలుపు మెల్లగా మూసి గడియ పెట్టగానే, అతనికి రెండడుగుల దూరంలో, అతని వైపే ముఖం పెట్టి నిలబడ్డ వెంకాయమ్మ గోడ తడుముకుంటూ వెనక్కి జరిగి, "ఎవరది? మా ఆయన ఇంకా రాలేదు" అంది.