నిండు చెంబు

"తాయక్కా, నేల అదిరింది! నీకు తెలియలేదా?"

విశాలమ్మ కడుపు పట్టుకుని, ఆయాసపడుతూ పక్కింటి గడపలో నిలబడింది. తాయమ్మ రాగిపిండి జల్లించడం ఆపి గూటిలోని గిన్నెల వైపు చూసింది. ఒక్కటీ కదలలేదు.

"యాడ అదిరిందమ్మా? తన్నింది నీ బిడ్డ. తొమ్మిదో నెల పడింది. ఇంగ ఇప్పుడు తన్నకుంటే ఎప్పుడు తంతాది?"

"కాదక్కా, కాళ్ల కింద నుంచి వచ్చింది."

"మొన్నా ఇదే మాట అంటివి."

మొన్న విశాలమ్మ గని షాఫ్టు గేటు దాకా పరుగెత్తింది. పోయిన వారం కూడా. ఆమె భర్త రామాంజినప్ప బంగారు గనిలో మైలు లోతున పని చేస్తాడు. అంత కింద రాయి ఉన్నట్టుండి పగిలి కూలితే పైన ఇళ్లు అదురుతాయి. ఏర్ బ్లాస్ట్ అంటారు. అదిరిందంటే గనివాళ్ల ఇళ్ల లైన్లలోని ఆడవాళ్లంతా గేటుకు పరుగే. కానీ ఆ రెండుసార్లూ విశాలమ్మ ఒక్కతే పరుగెత్తింది.

తాయమ్మ ఆమెను ఇంటికి నడిపించుకెళ్లింది. ఇత్తడి చెంబు అంచుదాకా నింపి చాప పక్కన పెట్టింది.

"ఇంగ ఇదే నీకు సాక్షి. భూమి అదిరితే నీళ్లు ఒలుకుతాయి. బిడ్డ తంతే ఒలకవు. ఒలికితేనే పరుగెత్తు. సరేనా?"

"సరే అక్కా."

"ఊపిరాడతా ఉండాదా?"

"నిన్నటి నుంచి బాగానే ఆడతా ఉండాది. కడుపు కిందికి జారినట్టుంది. నడిస్తే తొడల మధ్య రాయి మోస్తున్నట్టుంది."

"బిడ్డ తల కిందికి దిగింటాది. డాక్టరమ్మ ఎప్పుడనింది?"

"ఇంకా మూడు వారాలంట. శుక్రవారం మా నాయన వచ్చి కాన్పుకు పుట్టింటికి, బేతమంగళకు పిలుచుకుపోతాడు."

తాయమ్మ వెళ్లాక విశాలమ్మ చాప మీద గోడకు ఆనుకుని చెంబునే చూస్తూ కూర్చుంది. పక్కటెముకల కింద ఒక తన్ను. నీళ్లు కదల్లేదు. ఇంకో తన్ను. కదల్లేదు. "దొంగా, నువ్వేనా నన్ను పరుగెత్తించింది!" అని కడుపు నిమిరింది. అలాగే కునుకు పట్టింది.

నడుము కింద ఏదో ఒక్కసారిగా అదిరింది.

ఉలిక్కిపడి లేచింది. చాప తడి. పాదాలు తడి. నేల మీద నీళ్లు పారుతున్నాయి. చెంబు వైపు చూసే ధైర్యం లేకపోయింది. తలుపు కూడా వేయకుండా పరుగెత్తింది.

గేటు కాపలా తిమ్మరాయప్ప దూరం నుంచే చూశాడు. "మళ్లీ వచ్చినావా తల్లీ? రోజూ వస్తా ఉంటే నీకూ హాజరు వేయాల్సి వస్తాది."

"ఈసారి నిజం అప్పా! నీళ్లు ఒలికిపోయినాయి, నా కళ్లారా చూసినాను. కిందికి ఫోన్ చెయ్యి, నీ కాళ్లకు మొక్కుతాను!"

ఆమె ముఖం చూసి అతని నవ్వు ఆగిపోయింది. ఫోన్ తిప్పాడు. విన్నాడు. "కింద ఏమీ కాలేదంటారమ్మా."

"అబద్ధం! దాస్తా ఉండారు!"

అంతలో సైరన్ మోగింది. విశాలమ్మ గేటు పట్టుకుని కూలబడింది.

"మూడు గంటల సైరన్ తల్లీ, షిఫ్టు అయింది. అదో, వస్తా ఉండాడు చూడు మీ ఆయప్ప."

రామాంజినప్ప తలమీది దీపం కూడా తీయకుండా పరుగున వచ్చాడు. ఆమె అతని చేతులు, భుజాలు తడిమి చూసింది. ఏడుపు ఆగలేదు.

"ఏమయిందే? నేను బాగుండాను కదా!"

"నీళ్లు ఒలికినాయి... చాపంతా తడిసింది..."

వెనక నుంచి తాయమ్మ రొప్పుతూ వచ్చింది. "తలుపు తెరిచి ఉంటే లోపలికి పోయి చూసినాను. నీ చెంబు అంచుదాకా అట్లే ఉండాది. ఒక్క చుక్క ఒలకలేదు."

"మరి ఆ నీళ్లు?"

తాయమ్మ ఆమె చీర కుచ్చిళ్ల వైపు చూసి, రామాంజినప్ప మీద అరిచింది.

"అట్ల నిలబడినావేమప్పా, బేగ బండి పిలు! ఉమ్మనీరు పోయింది!"