ముంగి నోరు విప్పిన రోజు

"నెమ్మదే, నెమ్మది! మీ తిండి ఎవరూ ఎత్తుకుపోరు!"

ఆయమ్మ వసారా తలుపు తీసీ తియ్యగానే గుంపంతా తోసుకుంటూ పెరట్లోకి వచ్చిపడింది.

"ఒసేయ్ పొడుగూ, దాన్ని తొయ్యకు! ఏమే చిట్టీ, నిన్న మళ్ళీ పక్కింటావిడ మొక్కలు పాడు చేశావటగా? ఆవిడ నాకు పెట్టిన చీవాట్లు నీకేం తెలుసు!"

తిడుతూనే లెక్క చూసుకుంది. తొమ్మిది. పదోది ముంగి. ఎప్పటిలాగే లోపల మూల కూర్చునే ఉంది.

ఆడపిల్లల అనాథ హాస్టల్లో ఇరవై ఆరేళ్ళు చేసింది ఆయమ్మ. రోజూ పొద్దున్నే ఇదే కేక, ఇదే లెక్క. హాస్టలు మూతపడ్డాక సంస్థవాళ్ళు ఆమెను వీధిన పడెయ్యలేదు. ఈ సంతానాన్నంతా వ్యాన్లో తెచ్చి దింపి, "ఇంటిపట్టునే చూసుకోండి, మీ కాళ్ళ మీద మీరు నిలబడతారు" అన్నారు. బోసిపోయిన ఇల్లు మళ్ళీ కళకళలాడింది. పాత పిల్లల ముద్దుపేర్లే మళ్ళీ పెట్టేసుకుంది. ఆ పేర్లు పిలుస్తుంటే ఆ పొడవాటి హాలు, వరసగా పరిచిన చాపలు, తడి జడల వాసన, అన్నీ తిరిగొచ్చేవి.

పదకొండింటికి సంస్థ సూపర్‌వైజరు మోటారు సైకిలు మీద వచ్చాడు. పెరడంతా కలయజూసి, వసారాలోకి తొంగి చూశాడు.

"అంతా శుభ్రంగా ఉంది ఆయమ్మా. ఆ మూల కూర్చున్నదే..."

"కొంచెం బిడియం సారూ. అలవాటు పడుతుంది."

"మూడు నెలల నుంచీ ఇదే మాట. మార్పేమైనా ఉందా?"

ఆయమ్మ కొంగుతో మెట్టు తుడిచి, "కూర్చోండి సారూ" అంది.

"ఊరికే కూర్చోబెట్టి ఎన్నాళ్ళు మేపుతారు? మీరు నిలదొక్కుకోవాలనే కదా ఈ పథకం పెట్టింది! దీన్ని ఇవాళ నేను తీసుకెళ్ళిపోతా."

"ఎక్కడికి సారూ?"

అతను చూపు తిప్పుకున్నాడు. "అది మీరు అడక్కండి."

హాస్టల్లోనూ ఒక ముంగి ఉండేది. ఏడాది పాటు నోరు విప్పలేదు. మన వల్ల కాదు, పంపించేద్దాం అన్నారు పెద్దలు. పది రోజులు గడువు అడిగింది ఆయమ్మ. తొమ్మిదో రోజు పొద్దున చాప చివర నుంచి చిన్న గొంతు "ఆయమ్మా, ఆకలి" అంది. ఆ మాట తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ ఏడుపొస్తుంది.

"మీకు దణ్ణం పెడతా. ఒక్క వారం ఆగండి. దాని తిండి నా కంచంలోంచి పెడతా."

"ఇదే మీతో చిక్కు! హాస్టల్లోలా ఇక్కడా జాలికి పోతే ఎలాగమ్మా?" అంటూ అతను వసారా మెట్టెక్కాడు.

అప్పుడు అరిచింది ముంగి. మూడు నెలలుగా కిక్కురుమననిది, వీధి చివరికి వినబడేలా, ఆగకుండా అరిచింది.

ఆయమ్మ అతన్ని తోసుకుని లోపలికి పరిగెత్తింది. దాన్ని ఎత్తి గుండెకు హత్తుకుంది.

"నా తల్లే! నా బంగారమే! పలికావటే!" అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

సూపర్‌వైజరు ముంగి కూర్చున్న చోటికేసి వంగి చూసి, నవ్వేశాడు.

"సరే, ఉండనివ్వండి."

గడ్డిలో గుడ్డు ఇంకా వెచ్చగా ఉంది.