రేపటిదాకా నెమ్మదిగా

"రూటరు కొత్తదే కదా నాయనా, మరి ఈ నత్తనడక ఏమిటి?" అని సైరకాన్ ముసలమ్మ గుమ్మంలోనే నిలదీసేసరికి, ఆమె వెనక నిలబడ్డ కోడలు జిపార్ గబుక్కున ముందుకొచ్చింది.

వచ్చినవాడు మెదెర్. నారీన్ ఊళ్లో ఇంటింటికీ నెట్ బిగించే మనిషి. నాలుగు రోజుల కిందట పాత రూటరు కాలిపోతే కొత్తది పెట్టింది అతనే. ఆ మర్నాడే కొండమీది పల్లెల్లో పని పడి వెళ్ళి, ఇప్పుడే దిగి వస్తున్నాడు. జిపార్ అతన్ని పిలవలేదు. వీధిలో పోతుంటే ముసలావిడే కిటికీ అద్దం తట్టి పిలిచింది.

నెట్ నెమ్మదించడానికి రూటరు కారణం కాదు. ఆ పని చేసింది జిపార్.

కూలికి పోయిన చిన్నమరిది, పరాయిదేశంలోని నోవోసిబిర్స్క్‌లో కడుతున్న మేడ మీంచి పడి ప్రాణం పోయి మూడు రోజులైంది. జేబులోని ఫోను కూడా అతనితో పాటే పడి ముక్కలైంది. తమ్ముణ్ణి తెచ్చుకోవడానికి జిపార్ భర్త వెళ్ళాడు. రేపు పొద్దున శవంతో బండి వస్తుంది. బండి కంటే ముందు వంశంలో పెద్దవాళ్ళు వచ్చి, తల్లిని మధ్యలో కూర్చోబెట్టుకుని, మాటమీద మాట పేర్చి, ఆమె చేతులు పట్టుకుని చెప్పాలి. అందాకా ఎవరి నోటా ఆ సంగతి రాకూడదు. కోడలి నోట అసలే రాకూడదు. పోయినేడు పై వీధిలో ఒకామె, కొడుకు చావును ఒంటరిగా ఫోనులో చూసుకుని పొయ్యి దగ్గరే ఒరిగిపోయింది. మళ్ళీ లేవలేదు.

అత్తగారి ఫోనుకు ఇంటి నెట్ తప్ప వేరే దారి లేదు. పూర్తిగా ఆపేస్తే అనుమానం వస్తుందని, రూటరు సెట్టింగుల్లో ఆ ఒక్క ఫోనుకు మాత్రం నెట్ చుక్కచుక్కగా వదిలింది జిపార్. తెరమీద చక్రం తిరుగుతూనే ఉంటుంది, ఏదీ తెరుచుకోదు. ఈ కొత్త రూటర్లన్నీ ఇంతేనత్తయ్యా అంటూ మూడు రోజులు నెట్టుకొచ్చింది. ఇంకొక్క రాత్రి గడిస్తే చాలు.

మెదెర్ బూట్లు విప్పి లోపలికొచ్చాడు. జిపార్ అతిథి మర్యాదగా గిన్నెలో సగం దాకా టీ పోసి ఇచ్చి, అలసిపోయి వచ్చావు, రేపు చూడొచ్చులే అంది. కళ్ళతో సైగ కూడా చేసింది. అతను చూడలేదు. తను బిగించినదానికి వంక పెడితే ఊరుకునే మనిషి కాదు.

రూటరు దగ్గర నెట్ వేగం కొలిచాడు. యాభై వచ్చింది. ముసలావిడ ఫోనులో కొలిస్తే అర కూడా రాలేదు. ఇనుప పొయ్యి అడ్డం వస్తోందేమోనని రూటరును కిటికీ మీదికి మార్చాడు. తీగ మార్చాడు. ఆపి, ముప్పై లెక్కపెట్టి, మళ్ళీ వేశాడు. అదే నడక.

"నా మోకాళ్ళ నొప్పులు దానికి అంటుకున్నాయేమో," అంది ముసలావిడ.

పక్క ఇళ్ళనుంచి బోర్సోక్ పిండిముక్కలు వేగుతున్న నూనె వాసన వస్తోంది. రేపు వచ్చే జనం కోసం ఇరుగుపొరుగు ఆడవాళ్ళు తలుపులు మూసుకుని వేయిస్తున్నారు. ఎవరింట్లో పెళ్ళే అని అత్తగారు అడిగింది. తెలియదత్తయ్యా అని జిపార్ మొహం తిప్పుకుంది.

మెదెర్ తన ఫోనులో రూటరు సెట్టింగులు తెరిచాడు. కాసేపు చూసి నవ్వాడు.

"అక్కా, పెద్దమ్మ ఫోనుకు ఎవరో కళ్ళెం వేశారు."

జిపార్ అతన్ని చెయ్యి పట్టుకుని లాగినంత పనిచేసి నడవలోకి తీసుకెళ్ళింది. తలుపు దగ్గరికి వేసి, గుసగుసగా అంతా చెప్పింది. మెదెర్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"కళ్ళెం తీసేశాను అక్కా. ఇందాకే."

"మళ్ళీ వెయ్యి."

అతను వేలు కదపలేదు. తెర వైపే చూస్తున్నాడు.

"వేస్తాను. కానీ ఇది చూడు. మూడు రోజులుగా ఆ ఫోను ఖాళీగా లేదు. రోజూ ఇదే వేళకి ఒక గంటసేపు దాన్నుంచి డేటా పోతోంది, దానికి వస్తోంది. ఎక్కువేం కాదు. ఉత్త మాటలకు సరిపోయేంత."

ఎవరితో అని అడగబోయింది జిపార్. ఇంతలో గదిలోంచి అత్తగారి నవ్వు వినిపించింది. మూడు రోజుల్లో ఆమె నవ్వడం అదే మొదలు. జిపార్ తలుపు తోసుకుని పరుగెత్తింది.

ముసలావిడ ఫోనును చేయి చాచి దూరంగా పట్టుకుని, తలగుడ్డ కొంగుతో తెర తుడుస్తోంది.

"ఇన్నాళ్ళకి వీడి మొహం కనబడింది కోడలా. మూడు రోజులుగా ఉత్త గొంతే. అదీ బావిలోంచి వచ్చినట్టు." ఫోను జిపార్ చేతిలో పెట్టింది. "పట్టుకో, నువ్వూ మాట్లాడు. నేను కళ్ళజోడు తెచ్చుకుంటా."

ఆమె మోకాళ్ళు పట్టుకుంటూ లోపలి గదిలోకి వెళ్ళింది.

జిపార్ తెర చూసింది. చిన్నమరిదే. జుట్టు తడిగా నుదుటికి అంటుకుని ఉంది. అతని వెనక గోడ లేదు, మేడ లేదు, ఎంత దూరమైనా ఒకటే తెలుపు. బొమ్మ ఎక్కడా ఆగడం లేదు. అతను తల్లి వెళ్ళినవైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"వదినా, అమ్మకింకా చెప్పలేదా?"