నూటికి నూరు పాళ్ళూ

"మీ కారు సొంత పనులకెంత, పిల్లల పనికెంత?" అని ఫోనులో అడిగాడు పన్నులాయన.

అవతల నలుగురు పిల్లలు నాలుగు శ్రుతుల్లో ఏడుస్తున్నారు. ఆ గోలలో, వాళ్ళని చూసుకునే పిల్లలత్తకి కారు కాస్తా వారు అయిపోయింది.

"మావారా? పిల్లల పనికి వేలు కదపరండీ. ఉన్నచోటు నుంచి అంగుళం జరగరు."

"మరి నూటికి నూరు పాళ్ళూ పిల్లలకే అని కాగితంలో రాశారే?"

"మావారి సంగతి కాగితంలో నేనెందుకు రాస్తానండీ?"

"వారు కాదమ్మా, కారు. నాలుగు చక్రాల కారు."

"ఓ, కారా" అని ఆవిడ నవ్వేసింది. "అది మాత్రం పూర్తిగా పిల్లలదే. వచ్చి చూసుకోండి."

మర్నాడు పొద్దున్నే బయల్దేరాడాయన. సొంతంగా పని చేసుకునేవాళ్ళు కారు ఖర్చు చూపించి పన్ను తగ్గించుకోవచ్చు. కాకపోతే సొంత వాడకం తీసేసి చూపించాలి. అక్కడే అందరికీ చెయ్యి జారుతుంది. నూటికి నూరని రాసి కారుకూతలు కూసినవాణ్ణి పాతికేళ్ళ సర్వీసులో ఆయన ఒక్కణ్ణీ వదల్లేదు. ఉద్యోగాలకెళ్ళే తల్లిదండ్రుల పిల్లల్ని ఇంట్లో చూసుకునే ఈవిడొక లెక్కా అనుకున్నాడు.

"పన్ను కోసం వచ్చాను" అన్నాడు గుమ్మంలో.

తలుపు తీసిన పాప నోరు తెరిచి, కదులుతున్న పన్ను చూపించింది. "ఇది ఇంకా ఊడలేదు. రేపు రండి."

లోపల అన్నీ పిల్లల కుర్చీలే. మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఒకదాంట్లో ఇరుక్కున్నాడు. పిల్లలత్త ఎదురుగా చాపమీద కూర్చుని ఉతికిన తువ్వాళ్ళు మడత పెడుతోంది.

"ముందు కారు చూడండి" అంది.

"కారేం చూస్తాను, లెక్క చూడాలి గానీ. ఇది తప్పని తేలితే మూడేళ్ళ పన్ను, దానిమీద జరిమానా. కట్టగలరా?"

"కట్టలేనండీ. ఇది మూసేసి మళ్ళీ బట్టల మిల్లుకి పోవాలి. కానీ నేను మూయను. లెక్క తప్పయితే కదా."

ఆ ధీమా చూసి ఆయనకి ఒళ్ళు మండింది. రసీదులు తిరగేశాడు.

"సీట్ల కుట్టుపని, బెల్టులు, రంగు, హారన్ మరమ్మతు. ఏడాదిలో ఆరుసార్లు హారనా?"

"మోత మోగించేస్తారండీ."

"పెట్రోలు రసీదు ఒక్కటీ లేదేం? మీవారు పోయిస్తున్నారా?"

"ఆయన కప్పులో టీ కూడా పోయరండీ. అయినా పెట్రోలు ఖర్చు నేను అడగలేదు కదా."

అడగలేదంటే దాస్తోందన్నమాట. ప్రయాణాల పుస్తకం తీశాడు. సోమవారం సముద్రం. మంగళవారం జూ. బుధవారం అమ్మమ్మగారి ఊరు. రోజూ తొమ్మిదిన్నరకి బయల్దేరడం, పదకొండుకల్లా ఇంటికి.

"సముద్రానికెళ్ళి గంటన్నరలో వచ్చేశారా?"

"పిల్లలు చెప్పింది చెప్పినట్టు రాశానండీ. డ్రైవరుకి కాస్త తొందరెక్కువ."

"డ్రైవరా? జీతం రాయలేదే?"

"జీతమెందుకు, వంతులేసుకుని తోలతారు. నా వంతంటే నా వంతని కొట్టుకుంటారు కూడా."

పిల్లల తండ్రులు కాబోలు అనుకున్నాడాయన.

"మరి మీరు బజారుకి?"

"సైకిలు."

"బంధువులింటికి?"

"బస్సు."

ఆయన కిటికీలోంచి పక్కింటి పెద్దావిడని పిలిచాడు. "అమ్మా, ఈవిడ ఆ కారేసుకుని బజారుకి వెళ్ళడం చూశారా?"

"చూళ్ళేదు నాయనా. పిల్లలు తప్ప అది ఇంకెవరూ ఎక్కరు."

"అందరూ కూడబలుక్కున్నారన్నమాట" అని గొణుక్కుంటూ పన్నులాయన సంచిలోంచి ఆఖరి ఆయుధం తీశాడు. నాలుగేళ్ళ కిందట ఆవిడ ఆ పాత కారు కొన్నప్పటి కాగితం. దాంట్లో ఆనాటి మీటరు అంకె ఉంది.

"మనుషులు అబద్ధమాడతారు గానీ మీటరు ఆడదు. ఒక్క కిలోమీటరు, ఒక్కటంటే ఒక్కటి, సొంతానికి తిరిగినట్టు తేలినా మొత్తం కొట్టేస్తాను."

"తేలకపోతే?"

"నిలబడ్డచోటే సంతకం పెట్టేస్తాను."

"నడవండి మరి" అంది పిల్లలత్త, తువ్వాలు దులుపుతూ.

పెరట్లో పిల్లలు కేరింతలు కొడుతూ కారు మీద కప్పిన పట్టా లాగేశారు. ఎర్రరంగు తళుక్కుమంది. ఆయన నేరుగా కిటికీలో తలపెట్టి మీటరు చూశాడు. కాగితం చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ మీటరు చూశాడు. రెండు చోట్లా ఒకటే అంకె, చివరి సున్నాతో సహా.

"దొరికారు" అన్నాడు. "మీటరు ఊడబీకించారు."

"దాని జోలికి ఎవరూ పోలేదండీ. ఫోనులో మావారు అంగుళం జరగరని చెప్పానే, అది దీనికీ వర్తిస్తుంది. ఒక్కసారి కిందికి చూడండి."

ఆయన చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత పెన్ను తీసి, బానెట్ మీద కాగితం పరిచి సంతకం పెట్టేశాడు.

కారు నాలుగు ఇటుకల దొంతర్ల మీద నిలబడి ఉంది.