తూముల లంకె

"ఈ బొమ్మ తప్పండి సార్! మునిగిపోయే ఊరిని పొడిగా చూపిస్తోంది," అంది కుర్ర ఇంజనీరు కెజియా.

ఏలూరు వరదల ఆఫీసులో పెద్ద ఇంజనీరు పట్టాభిరామయ్య గారు కళ్ళజోడు సర్దుకుని కంప్యూటర్ మీదికి వంగారు. బయట ముసురు విడవడం లేదు. తమ్మిలేరు పొంగి కొల్లేరు మీద పడుతోంది. తెర మీద నీళ్ళన్నీ రోడ్డుకట్టకి ఎగువన, చేపల చెరువుల చుట్టూ నీలంగా పేరుకున్నాయి. దిగువనున్న కొంగవానిలంక మాత్రం పచ్చగా ఉంది.

"తప్పేంటమ్మా?"

"ఏరుని గీతలా లెక్కగట్టారండి. గీతలో నీళ్ళు ముందుకే పోతాయి. పొలాల్నీ ఊళ్ళనీ గళ్ళుగళ్ళుగా పరిచారు. అక్కడ నాలుగు వైపులకీ పారతాయి. రోడ్డు కింద తూముల దగ్గర ఈ రెండింటికీ లింకు ఇవ్వాలి. ఎవరో మర్చిపోయారు. అందుకే కంప్యూటర్‌కి అక్కడ గోడ కనబడుతోంది. డ్రాయింగులో తూములున్నాయి, చూడండి!"

ఆయన ఆమె ముఖంలోకి కాసేపు చూశారు. కోప్పడతారనుకుంది.

"అయితే ఇచ్చేయండమ్మా లింకు," అన్నారు మెత్తగా.

ఇచ్చింది. బొమ్మ కదిలింది. చెరువుల దగ్గర నీలం పలచబడింది. తూముల్లోంచి లంక మీదికి పాకి, చూస్తుండగానే ఊరంతా కమ్మేసింది. కెజియా కుర్చీలోంచి లేచింది.

"జనాన్ని ఖాళీ చేయించాలండీ, ఇప్పుడే!"

"జీపు తీసుకెళ్ళండి. బస్సులు నేను పంపిస్తాను. ఆఖరి మనిషి కూడా బయటికొచ్చాక నాకో ఫోన్ చేయండి. మర్చిపోకండేం!"

లంకలో ఎవరూ కదలలేదు. ఊరి పెద్ద ప్రభుదాసు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"రోడ్డు ఎత్తు చేశాక ఇటు చుక్క నీరు రాలేదండి. తూములంటారా, గుర్రపుడెక్క కమ్మేసి అవెక్కడున్నాయో మాకే తెలీదు. మా ఆవిడ సూరమ్మ చూస్తే మంచం దిగలేదు. కొత్తగా నేయించుకున్న ఇల్లు వదిలేసి ఎక్కడికి పొమ్మంటారండీ?"

కెజియా అతని చెయ్యి పట్టుకుంది. "బాబాయిగారూ, నేనూ చర్చిలో పెరిగిన పిల్లనే. అబద్ధం చెప్పను. మీ ఊరు మునగడం నా కళ్ళతో చూశానండీ. నన్ను నమ్మండి."

ప్రభుదాసు ఆమె కళ్ళలోకి చూశాడు. లోపలికెళ్ళి భార్యని చేతుల మీద ఎత్తుకొచ్చాడు. అతను నమ్మేసరికి ఊరంతా నమ్మింది. కోళ్ళూ మేకలూ వలలూ ఎక్కడివక్కడే ఉండిపోయాయి. ఆఖరి బస్సు రోడ్డెక్కాక కెజియా పట్టాభిరామయ్య గారికి ఫోన్ చేసింది.

సాయంత్రానికి నీళ్ళొచ్చాయి. తెల్లారి పడవలో వెళ్ళి చూస్తే చర్చి మీది శిలువా, నాలుగు ఇళ్ళ కప్పులూ తప్ప ఇంకేమీ కనబడలేదు.

ఏలూరులో బడి వరండాలో తలదాచుకున్న ప్రభుదాసు ఏడుస్తూనే ఆమె చేతులు కళ్ళకద్దుకున్నాడు.

"ఇల్లు పోతే పోయిందమ్మా, ప్రాణాలు నిలబెట్టావు. దేవుడే పంపాడు తల్లీ నిన్ను!"

ఆ మాట గుండెలో పెట్టుకుని ఆఫీసుకి పరిగెత్తింది కెజియా. పట్టాభిరామయ్య గారు కాఫీ తాగుతున్నారు. ఎదురుగా చేపల చెరువుల యజమాని అబ్బాయిరాజు గారు కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నారు.

"మన లెక్క నిజమైందండీ సార్! తూముల్లోంచే వచ్చాయి నీళ్ళు."

"తూములెక్కడివమ్మా?" పట్టాభిరామయ్య గారు నవ్వారు. "అబ్బాయిరాజు గారు ఏనాడో వాటికి కాంక్రీటు పోయించేశారు. ఊరు ఖాళీ అయిందని మీరు ఫోన్ చేశాకే, చెరువులు కొట్టుకుపోకుండా రోడ్డుకి గండి కొట్టించాం."