వద్దన్న పడవలు

“ఆ పడవ వద్దు,” అన్నాడు ఫిన్టన్.

వంటగది బల్ల మీద పరిచిన యూరప్ పటం మీద నోరీన్ వేలు ఉన్నచోటే ఆగిపోయింది. “రాస్‌లేర్ రేవులో వ్యాన్‌తో సహా ఎక్కితే మర్నాటికి ఫ్రాన్సులో దిగుతాం. మన గుమ్మంలో ఎక్కినట్టే. దానికేం వచ్చిందయ్యా?”

“ఆ సముద్రం ఎత్తి కుదేస్తుంది. నీ పేగులు నోట్లోకొస్తాయి.”

“నా పేగుల సంగతి నేను చూసుకుంటాలే. పోనీ, వేల్స్‌కి దాటి, ఇంగ్లండు మీదుగా పోయి, డోవర్‌లో ఇంకో పడవ ఎక్కుదామా?”

“ఒక పడవకే దిక్కులేదు, రెండా!”

ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది ఫిన్టన్ వ్యవహారం. లోపం పడవల్లో లేదు, అతని కళ్ళలో ఉంది. కిందటి వారం డాక్టరమ్మ కళ్ళలోకి లైటు వేసి చూసి, “చూపు నడిమధ్యన మసక కమ్ముతోంది, ఫిన్టన్. ఇక బండి ముట్టుకోకు,” అని తేల్చేసింది. జీవితమంతా పాల లారీ తోలిన మనిషి. ఆ మాట పెళ్ళాం దగ్గర అనడానికి నోరు పెగల్లేదు. నోరీన్‌కి బండి తోలడం రాదని ఊరందరికీ తెలుసు. తోలే మనిషి ఒక్కడే, ఆ ఒక్కడికీ చూపు పోతుంటే ఇంకెక్కడి ప్రయాణం? విసుగెత్తి ఆమే మానుకుంటే బాగుండునని అతని ఆశ.

ఆమె మానుకునే రకమా! టీ పోసి కప్పు అతని ముందుకు జరిపింది.

“సరే, ఎలాగో ఫ్రాన్సు చేరామనుకో. అక్కణ్ణించి స్విట్జర్లండు కొండలు దాటి ఇటలీ. అంకోనా రేవులో గ్రీసు పడవ. పడవ పై అంతస్తులో మన వ్యాన్‌లోనే పడుకోవచ్చట, ఫిన్టన్! కిటికీ తీస్తే సముద్రం. ఈ వయసులో నాకు ఇంతకన్నా ఏం కావాలి చెప్పు?”

అతని గుండె కలుక్కుమంది. నోరు మాత్రం ఊరుకోలేదు.

“ఆ కొండలెక్కలేక మన వ్యాన్ నీలుగుతుంది. ఇటలీవాళ్ళు ఒళ్ళు తెలీకుండా తోలతారు. గ్రీసులో ఎండకి మాడి చస్తాం.”

“ఇంకా ఏ దేశం మిగిలిందయ్యా తిట్టడానికి? పోపుగారిని కూడా ఓ మాట అనెయ్యి, పీడా పోతుంది!”

“ఆయనా ఇటలీ లెక్కలోకే వస్తాడు.”

మామూలు రోజైతే నోరీన్ పడిపడి నవ్వేది. ఇవాళ నవ్వలేదు. అతని ముఖంలోకి సూటిగా చూసింది.

“నాకు తెలీక అడుగుతాను. నీకు గిట్టనివి పడవలా, నేనా?”

అప్పుడే చెప్పేయాల్సింది. మాట గొంతుదాకా వచ్చింది కూడా. పాడు పౌరుషం, అక్కడే అడ్డం పడింది. “పడవలే,” అని గొణిగి, తల వంచుకుని రొట్టెకి వెన్న రాసుకున్నాడు.

నోరీన్ పటాన్ని ఎలా పడితే అలా మడిచింది. కోటు తగిలించుకుని బయటికి నడిచింది. ఫిన్టన్‌కి ముందు ఊపిరి తెరిపినపడింది. ఆ తర్వాత తన మీద తనకే రోత పుట్టింది.

కాసేపటికి పెరట్లో వ్యాన్ మొరాయించి మొరాయించి స్టార్టయిన చప్పుడు వినిపించింది. కంగారుగా లేచి వెళ్ళాడు. పక్కింటి డెక్లన్ స్టీరింగ్ దగ్గర కూర్చుని, వ్యాన్‌ని గేటు దాటిస్తున్నాడు. చెయ్యి ఊపి మలుపు తిరిగిపోయాడు. నోరీన్ గేటు పట్టుకుని చూస్తోంది.

“ఎక్కడికే తీసుకుపోతున్నాడు?”

“వాళ్ళింటికి. ఎన్నాళ్ళనించో అడుగుతున్నాడుగా, అమ్మేశాను.”

“అమ్మేయడమేంటి? పిలు, వెనక్కి పిలు వాణ్ణి!”

“చేతిలో చెయ్యేశాను. శుభం నాణెం కూడా ఇచ్చేశాను, ఫిన్టన్.”

అమ్మినవాళ్ళు కొన్నవాళ్ళ అరచేతిలో ఆ ఒక్క నాణెం పెట్టారంటే, ఆ పల్లెల్లో ఇక బేరానికి తిరుగులేదు. వెనక్కి అడిగినవాళ్ళు చర్చి మెట్ల మీద తలెత్తుకు నిలబడలేరు.

“నన్నొక్క మాట అడగొద్దుటే?”

“వారం నించీ అడుగుతూనే ఉన్నాను కదయ్యా! దేనికీ వద్దే, ఎప్పుడూ వద్దే. పెరట్లో అది కనబడితే కడుపు రగులుతోంది. అందుకే సాగనంపాను.”

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? అయినా చెప్పాడు. తల వంచుకుని, ఒక్కో ముక్కా కూడబలుక్కుని చెప్పాడు.

“నా కళ్ళు పోతున్నాయి, నోరీన్. బండి ముట్టొద్దంది డాక్టరమ్మ. నిన్ను తీసుకెళ్ళలేనని చెప్పడానికి సిగ్గేసి, పడవల్ని తిట్టాను.”

నాలుగు కడిగేస్తుందనుకున్నాడు. కడిగినా బాగుండేది. ఆమె గేటు పక్కన రాతిగోడ మీద కూలబడిపోయింది.

“ఓరి నీ పౌరుషం మండా,” అంది ఏడుపు గొంతుతో. “నాతో రావడం ఇష్టం లేదేమో అనుకున్నానయ్యా.”

“నీతో గాక ఇంకెవరితో వస్తానే, పిచ్చిదానా!” పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఓదార్చడానికి అతనికి తోచిన మాట ఒక్కటే. “పోన్లే, ఊరుకో. వ్యాన్ ఉంటే మాత్రం ఏం చేసేవాళ్ళం? తోలేవాళ్ళేరీ?”

నోరీన్ ఏడుపు ఇంకా ఎక్కువైంది. “ఫ్రాన్సులో పడవ దిగగానే నీ చేతిలోంచి తాళాలు లాక్కుని ఆటపట్టిద్దామని, పోయిన నెల నీకు తెలీకుండా వెక్స్‌ఫర్డ్ వెళ్ళి డ్రైవింగు నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నానయ్యా!”